“మనది ఏ దేశం?” అని పిల్లలు అడిగినప్పుడు

సెప్టెంబర్ 23 దగ్గరపడుతుంటే జిజాన్ వీధులన్నీ ఆకుపచ్చ జెండాలే. మన పిల్లలు కూడా బుగ్గలకు ఆకుపచ్చ రంగు పూయించుకుని కార్నిష్‌లో తిరుగుతారు, ఆ రంగు పూర్తిగా పోకముందే తెలుగు తరగతికి వస్తారు. అలా వచ్చిన ఒక ఏడేళ్ళ పాప, ఇక్కడే పుట్టిన పిల్ల, “టీచర్, మనది ఏ దేశం?” అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి ఒకడు “మాది తెలంగాణ” అన్నాడు, పక్కవాడు “మాది ఆంధ్రా” అన్నాడు. “అందరిదీ ఇండియానే” అని చెప్పేసి నేను గుణింతాల్లోకి వెళ్ళిపోయాను. చెప్పింది తప్పేం కాదు. కానీ పాప అడిగినదానికి అది జవాబూ కాదు.

ఆ పాప అడిగింది జాతీయవాదం గురించి. తామంతా ఒక జాతి అనుకునే జనం తమ పాలన తమ చేతుల్లోనే ఉండాలని కోరుకోవడం జాతీయవాదం. 1789 ఫ్రెంచి విప్లవం తర్వాత ఈ ఆలోచన బాగా బలపడింది. అంతకుముందు చాలాచోట్ల జనం ఫలానా రాజు ప్రజలు, అంతే. ఇందులో “అనుకునే” అన్న మాటను గట్టిగా పట్టుకోండి. జాతి అంటే జనం ఊహించుకున్న సమూహం అని బెనెడిక్ట్ ఆండర్సన్ 1983లో ఒక పుస్తకం రాశారు. ఊహ అంటే అబద్ధమని కాదు. మనం జన్మలో కలవని కోట్లమందిని “మనవాళ్ళు” అనుకుంటాం కదా, అదన్నమాట. ఆ ఊహకు అచ్చు పుస్తకాలు, పత్రికలు ప్రాణం పోశాయంటారాయన.

దీనికి మన ఇంట్లోనే ఉదాహరణ ఉంది. అమృతాంజనం సీసా చూపించి మొదలుపెట్టండి. ఆ మందు తయారుచేసిన కాశీనాథుని నాగేశ్వరరావు గారు బొంబాయిలో వ్యాపారం చేస్తూ 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా పెట్టారు. 1914లో మద్రాసు నుంచి దినపత్రిక చేశారు. అప్పటికి తెలుగువాళ్ళు మద్రాసు ప్రెసిడెన్సీలో కొందరు, నిజాం రాజ్యంలో కొందరు. నెల్లూరు మనిషీ శ్రీకాకుళం మనిషీ ఒకే వార్త చదివి ఒకే విషయం మాట్లాడుకోవడం మొదలైంది. ఊరు వదిలి వెళ్ళినవాడికే ఊరి భాష ఎక్కువ గుర్తొస్తుందేమో. జిజాన్‌లో ఉన్న మనకు ఇది వేరే చెప్పాలా!

1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. అయితే భాష ఒకటైనంత మాత్రాన భయాలు పోలేదు. రాష్ట్రం వస్తే కోస్తావాళ్ళదే పెత్తనమవుతుందని రాయలసీమ నాయకులు అనుమానపడ్డారు. 1937లో ఇదే నాగేశ్వరరావు గారి మద్రాసు ఇల్లు శ్రీబాగ్‌లో కూర్చుని, రాజధాని, హైకోర్టు, నీళ్ళ గురించి ఒప్పందం రాసుకున్నారు. పొట్టి శ్రీరాములు గారు నిరాహారదీక్షలో 1952 డిసెంబర్ 15న చనిపోయారు. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1956లో తెలంగాణ కలిసింది, 2014 జూన్ 2న వేరే రాష్ట్రమైంది. ఉద్యోగాలు, నీళ్ళు, గౌరవం – వీటిలో న్యాయం జరగలేదని ఒకరికి అనిపిస్తే, భాష ఒక్కటే వాళ్ళను కట్టి ఉంచలేదు. ఈ భాగం దాటవేయకండి. మన తరగతిలో రెండు రాష్ట్రాల పిల్లలూ ఉన్నారు.

భాషా రాష్ట్రాలిస్తే దేశం ముక్కలవుతుందని నెహ్రూ గారు భయపడ్డారు. అలా కాలేదు. అదే 1956లో శ్రీలంక సింహళాన్ని ఒక్కదాన్నే అధికార భాష చేసింది. తమిళులు పరాయివాళ్ళమయ్యామనుకున్నారు. తర్వాత వచ్చిన అంతర్యుద్ధం 2009 దాకా సాగింది. కారణాలు ఇంకా ఉన్నాయి కానీ ఆ చట్టం పెద్ద గాయం. నా భాష నాకు ఇష్టం అనడం వేరు, నా భాష రానివాడు ఇక్కడివాడు కాదు అనడం వేరు. ఇంట్లో టీవీ చూస్తూ “వాళ్ళంతా అంతే” అని మనం అనే మాట పిల్లలు సోమవారానికల్లా బళ్ళో అంటారు, జాగ్రత్త.

జిజాన్ సంగతి కూడా చెప్పండి. వందేళ్ళ కిందట ఈ ప్రాంతం సబ్యా కేంద్రంగా ఇద్రీసీల ఏలుబడిలో ఉండేది. 1930లో ఇబ్న్ సౌద్ పాలనలో కలిసింది. 1932 సెప్టెంబర్ 23న రాజ్యానికి సౌదీ అరేబియా అని పేరు పెట్టారు. 1934లో యెమెన్‌తో తాయిఫ్ ఒప్పందం కుదిరింది. దీన్ని చరిత్రగా చెప్పి ఆపండి. ఇది మనకు అన్నం పెడుతున్న నేల, సరిహద్దుల మీద తీర్పులు మన పని కాదు. అరబ్బీలో పుట్టిన నేలకు “వతన్”, జనసమూహానికి “కౌమ్” అని రెండు మాటలున్నాయి. మన పిల్లలకు ఆ రెండూ ఒకటి కాకపోవచ్చు, ఆ మాట వాళ్ళతో ధైర్యంగా అనొచ్చు.

తరగతిలో చేయడానికి ఒక పని. తాతయ్యలు, అమ్మమ్మలు పుట్టిన ఊరు, సంవత్సరం పిల్లలతో రాయించండి. 1950లో కర్నూల్లో పుట్టిన తాతయ్య మద్రాసు రాష్ట్రంలో పుట్టి, మూడేళ్ళకు ఆంధ్రలోకి, ఆరేళ్ళకు ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చారు. 1945లో నిజామాబాద్‌లో పుట్టిన అమ్మమ్మ నిజాం రాజ్యం, హైదరాబాద్ రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ – నాలుగూ చూశారు. ఇద్దరూ ఇల్లు మారలేదు. తల్లిదండ్రులు ఈ వివరాలు వచ్చే శుక్రవారానికి కాగితం మీద రాసి పంపితే చాలు. తెలియకపోతే ఆ రాత్రి ఊరికి ఫోన్ చేసి, పిల్లల చేతే అడిగించండి.