సైనిక కోర్టులో సామాన్యులు: కువైట్, 1991

1960ల్లో బ్రిటన్ టీవీలో ‘కోర్ట్ మార్షల్’ అనే సీరియల్ వచ్చింది. కథ రెండో ప్రపంచ యుద్ధం నాటిది. అందులో వకీళ్లు సైన్యం వాళ్లే. సైన్యం తన మనుషుల తప్పొప్పులను తానే తేల్చుకునే పద్ధతి అది. మన దేశంలోనూ ఉంది. అయితే అలాంటి కోర్టు బోనులో పత్రికలో పనిచేసే మామూలు మనిషి నిలబడాల్సి వస్తే? 1991లో కువైట్‌లో అదే జరిగింది.

కువైట్ రాజ్యాంగం 164వ అధికరణం ప్రకారం సైనిక కోర్టులు సైనిక, భద్రతా దళాల వారి సైనిక నేరాలనే విచారించాలి. మినహాయింపు ఒక్కటే. మార్షల్ లా (మామూలు చట్టాలను పక్కనపెట్టి నడిపే అత్యవసర పాలన) ఉన్నప్పుడు ఆ హద్దు ఉండదు.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. 1991 ఫిబ్రవరి చివర్లో దేశం విముక్తమైంది. వెంటనే మార్షల్ లా వచ్చింది. యువరాజు షేక్ సాద్ దాని గవర్నరు. రాజ్యాంగం ప్రకారం ఇలాంటి ప్రకటనను 15 రోజుల్లో జాతీయ అసెంబ్లీ ముందు పెట్టాలి. సభ రద్దయి ఉంటే కొత్త సభ తొలి సమావేశం దాకా ఆగవచ్చు. సభ 1986లోనే రద్దయింది. కొత్త ఎన్నికలు 1992లో గానీ జరగలేదు. అంటే ఈ ప్రకటనను పరిశీలించే సభే అప్పుడు లేదు.

మే 19న మార్షల్ లా కోర్టులో విచారణలు మొదలయ్యాయి. ధర్మాసనంలో ముగ్గురు సివిల్ జడ్జీలు, ఇద్దరు సైనికాధికారులు. అభియోగం శత్రువుకు సహకరించారని. ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుసేన్ బొమ్మ ఉన్న టీషర్టు వేసుకున్నందుకు ఒక యువకుడికి 15 ఏళ్ల జైలు పడింది. ఆక్రమణ కాలంలో ఇరాకీలు నడిపిన ‘అల్ నిదా’ పత్రిక కేసులో ఆరుగురికి మరణశిక్ష వేశారు. తమతో బలవంతంగా పని చేయించారని నిందితులు మొత్తుకున్నారు.

కువైటీల కోపం అబద్ధం కాదు. వందల మంది ఇంటికి తిరిగి రాలేదు. కానీ ఆ కోపం చల్లారకముందే తీర్పులు వెలువడ్డాయి. అసలు లోపం అప్పీలు లేకపోవడం. మామూలు కేసులో కింది కోర్టు పొరబడితే పై కోర్టు ఉంటుంది. బలవంతపు ఒప్పుకోలును అక్కడ మళ్లీ పరీక్షిస్తారు. ఇక్కడ తీర్పు గవర్నరు ఆమోదానికి వెళ్లేది, అంతే. బోనులో నిలబడ్డవారిలో ఎక్కువమంది విదేశీయులు, పౌరసత్వం లేనివారు. వారి తరఫున గట్టిగా అడిగేవారూ తక్కువే.

విదేశాల నుంచి విమర్శలు వచ్చాయి. జూన్ 26న మార్షల్ లా ముగిసింది. అప్పటికి పడిన 29 మరణశిక్షలను యావజ్జీవంగా మార్చారు. ప్రాణాలు దక్కాయి. అయితే దక్కించింది పై కోర్టు కాదు, పాలకుల నిర్ణయం. సాక్ష్యాలు నిలుస్తాయా అన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. మిగిలిన కేసులు రాజ్య భద్రతా కోర్టుకు వెళ్లాయి. ఆ కోర్టును 1995లో రద్దు చేశారు.