చూపు పోయిన పిదప

పుట్టుకతో చూపు లేనివాని లోకము వేఱు. నడివయస్సున చూపు కోలుపోయినవాని లోకము వేఱు. మొదటివాడు తన లోకమును మొదటినుండి తానే కట్టుకొనును. రెండవవానికి కట్టుకొనినది కూలును. కాళ్లును చేతులును తెలివియు మునుపటివలెనే యుండును; కాని కంచములో కూర యెక్కడ నున్నదో మఱియొకరు చెప్పవలెను. ఇంటివారు ప్రేమతో చేయి పట్టి నడిపింతురు, అన్నము కలిపి పెట్టుదురు. ఆ ప్రేమయే వానిని మంచమునకు కట్టివేయును.

ఈ సంగతిని బాగుగ గ్రహించినవాడు ఆర్థర్ పియర్సన్. ఇతడు 1900లో లండనులో ‘డైలీ ఎక్స్‌ప్రెస్’ పత్రికను స్థాపించిన వ్యాపారదక్షుడు. నీటికాసుల వ్యాధిచే క్రమముగా చూపు నశించెను. మొదటి ప్రపంచయుద్ధమున కన్నులు పోయిన సైనికులకొఱకు 1915లో నొక శిక్షణాలయము తెఱచి, రీజెంట్స్ పార్కులోని సెయింట్ డన్‌స్టన్స్ అను భవనమున నడపెను.

ఆస్పత్రిలో పడియున్న సైనికునికి మొదట నందునది యొక గడియారము. దాని ముండ్లను వ్రేళ్లతో తడవి వేళ తెలిసికొనవచ్చును. చిన్న వస్తువే. కాని నడురేయి మేల్కొని, ‘తెల్లవాఱినదా?’ యని యెవరినో యడుగవలసిన యవస్థ దానితో తీఱెను. చూపు పోయిన పిదప ఒకరి నడుగక తాను తెలిసికొనిన మొదటి సంగతి యది. ఆత్మవిశ్వాసమును గూర్చి యెన్ని యుపన్యాసములు వినిపించినను ఇంత పని జరుగదని నా యభిప్రాయము. నేడు మాటాడు ఫోనులు వేళయే కాదు, ఉత్తరమును గూడ చదివి వినిపించుచున్నవి.

అచ్చట బ్రెయిలీ, టైపు, బుట్టలల్లుట, చెప్పులు బాగుచేయుట, మర్దన చికిత్స, టెలిఫోను పని, కోళ్ల పెంపకము నేర్పిరి. నేర్పినవారిలో అనేకులు చూపు లేనివారే. పనితో సమానముగా ఆటపాటలకు చోటిచ్చుట పియర్సన్ విశేషము. సైనికులు సరస్సుపై పడవలు నడిపిరి, నృత్యము నేర్చిరి. ఇది వట్టి వేడుకగా కొందఱికి తోచవచ్చును. కాని బుట్ట నొంటరిగా గూర్చుండి యల్లవచ్చును. నలుగురిలో నిలిచి నవ్వుటకు వేఱు ధైర్యము కావలెను.

అయితే ఆ పద్ధతిలో నొక కాఠిన్యమును కలదు. ఎల్లప్పుడు ఉల్లాసముగా నుండవలెననుట ఆ యింటి నియమమువంటిది. చూపు పోవుట ఆప్తుని మరణమువంటిది. దుఃఖించుటకు కొంత వ్యవధి యీయవలదా? విలపించినవాడెల్ల పిఱికివాడు కాడు.

చూపు పోయినవాడు పెండ్లిండ్లకును సభలకును దూరమగుట చాలవఱకు చిన్న చిన్న యవమానములకు వెఱచియే. పలుకరించినదెవరో తెలియదు. మాటాడుచున్నవాడు చెప్పకయే లేచిపోగా తాను ఖాళీ కుర్చీతో సంభాషించుచుండును. ఎదుటనే యుండగా, ‘ఆయన కాఫీ పుచ్చుకొందురా?’ యని ప్రక్కవానిని అడుగుదురు! పేరు చెప్పి పలుకరించి, పోవునప్పుడు చెప్పి పోయినచో సగము కష్టము తీఱును. చేయి పట్టి లాగక మన మోచేతి నందించినచో, దానిని పట్టుకొని వాడే యొక యడుగు వెనుకగా నడచును. పాఠశాలలో బాలురకిది నేర్పుటకు ఒక పూట చాలును.

1915లో గల్లిపోలి యుద్ధమున చూపు పోయిన క్లూథా మెకంజీ యను న్యూజీలాండు యువకుడు పియర్సన్ శిక్షణాలయముననే తేఱుకొనెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇతడు భారతదేశమునకు వచ్చి, భారతీయ సైనికులకై 1943లో డెహ్రాడూనులో వెలసిన సెయింట్ డన్‌స్టన్స్ వసతిగృహమున పనిచేసెను. 1950లో దానిని భారత ప్రభుత్వము స్వీకరించెను. నేటి జాతీయ సంస్థకు అదియే మూలము. యునెస్కో తరఫున బ్రెయిలీ లిపుల సమన్వయమునకును మెకంజీ పాటుపడెను. 1951లో భారతీయ భాషలకు ఉమ్మడిగా భారతి బ్రెయిలీ యేర్పడెను. అందు తెలుగు అకారమునకు ఒక్కటే చుక్క. ఇరువదియేండ్లు నల్లబల్లపై అక్షరములు దిద్దించిన ఉపాధ్యాయుడు చూపు పోయి మరల అక్షరాభ్యాసమునకు గూర్చుండినప్పుడు వ్రేలికి మొదట తగులునది ఆ చుక్కయే.