బ్యాటరీ బలహీనమైతే బ్రేకర్ తెరుచుకోదు

విజయవాడ: సబ్‌స్టేషన్ అనగానే గుర్తుకు వచ్చేవి ట్రాన్స్‌ఫార్మర్లు, తీగలు. పక్క గదిలో వరుసగా అమర్చిన బ్యాటరీలను పట్టించుకునేవారు తక్కువ. ఫీడర్‌పై లోపం ఏర్పడినప్పుడు రిలే పనిచేయడానికి, బ్రేకర్ తెరుచుకోవడానికి శక్తినిచ్చేవి అవే. మామూలు సమయంలో ఆ భారాన్ని ఛార్జర్ మోస్తుంది. లోపం తలెత్తిన క్షణాన ఏసీ వోల్టేజీ పడిపోతే ఛార్జర్ ఆగిపోతుంది. అప్పటికే బ్యాటరీ నిర్వీర్యమై ఉంటే, వరిచేనులో తెగిపడిన 11 కేవీ తీగలో విద్యుత్తు ప్రవహిస్తూనే ఉంటుంది. పై సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ తెరుచుకునేదాకా ఆ తీగ దగ్గరకు వెళ్లిన రైతు ప్రాణానికి, ట్రాన్స్‌ఫార్మర్‌కు కూడా ముప్పే.

లెడ్ యాసిడ్ సెల్ ఒక్కొక్కటి 2 వోల్టులు. 110 వోల్టుల బ్యాటరీకి 55 సెల్స్‌ను వరుసగా కలుపుతారు. వాటిలో ఒక్క కనెక్షన్ వదులైనా వరుస మొత్తం అక్కరకు రాదు. ఛార్జర్ మీద మీటరు మాత్రం సరైన వోల్టేజీనే చూపుతుంటుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. అందుకే ప్రతి సెల్ వోల్టేజీని, ఆమ్ల సాంద్రతను విడివిడిగా కొలిచి రిజిస్టరులో నమోదు చేయాలి. నిన్నటి అంకెలనే దించి రాస్తే ఉపయోగం శూన్యం. అప్పుడప్పుడు లోడు పెట్టి డిశ్చార్జి పరీక్ష చేస్తేనే బ్యాటరీ అసలు సత్తా తెలుస్తుంది.

డెల్టాలో మరో ఇబ్బంది నీరు. వేసవి ఎండలకు సెల్స్‌లో నీరు త్వరగా తగ్గుతుంది. ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు సగానికి పడిపోతుంది. తగ్గిన మేరకు డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. నాగాయలంక, కోడూరు వంటి తీర మండలాల్లో బోరు నీరు ఉప్పన. అందులోని క్లోరైడ్ సీసపు పలకలను తినేస్తుంది. ఇళ్లలోని ఇన్వర్టర్ బ్యాటరీలకూ ఇదే వర్తిస్తుంది.

ఛార్జింగ్ వేళ హైడ్రోజన్ వెలువడుతుంది. గాలిలో అది 4 శాతానికి చేరితే నిప్పురవ్వ చాలు, పేలుడు సంభవిస్తుంది. గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతుండాలి, బీడీ వెలిగించరాదు. ఉంగరాలు తీసి, పిడికి ఇన్సులేషన్ ఉన్న స్పానర్లతోనే నట్లు బిగించాలి. ఆమ్లం కలిపేటప్పుడు నీటిలో ఆమ్లం పోయాలే గాని, ఆమ్లంలో నీరు పోయరాదు. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. కడుక్కోవడానికి మంచినీరు దగ్గరే ఉంచుకోవాలి.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్‌ను ముంచెత్తింది. ఇటువంటి ప్రాంతాల్లో బ్యాటరీ స్టాండ్లను వరద మట్టానికి పైన అమర్చడం ఎంతో అవసరం. నీట మునిగిన బ్యాటరీని శుభ్రపరిచి, ఇన్సులేషన్ పరీక్షించిన తరువాతే ఛార్జర్‌కు కలపాలి.