తగ్గిన బరువు మఱల పెరిగినపుడు

ముక్కనుమ మఱునాటి యుదయమున, ఇంటిలో నింకను ఎవ్వరును లేవక మునుపే, మేము తూకపు యంత్రమెక్కితిమి. ముల్లు 73 కిలోలకడ నిలిచినది. భోగికి ముందునాడు అదే యంత్రము 70.5 చూపి యుండెను. భాద్రపదము మొదలు నాలుగు నెలలు పాటుపడి 76 నుండి దింపుకొన్న బరువులో దాదాపు సగము నాలుగైదు దినములలో మఱల వచ్చి కూర్చున్నది. యంత్రము చెడినదేమో యని దిగి, దానిని గోడకడకు జరిపి, మఱల నెక్కితిమి. అదే సంఖ్య. అటుపిమ్మట మేము చేసిన పని చెప్పుటకు సిగ్గగుచున్నది గాని, చెప్పకున్నచో ఈ వ్యాసము వ్రాయుట వ్యర్థము. వంటయింటిలోనికి పోయి, అరిసెల డబ్బా మూత తీసి, నిలుచుండియే రెండు తింటిమి. ఆకలి లేదు. రుచియు తెలియలేదు.

సోదరీమణులారా, మా యూరు అనకాపల్లి. బెల్లమునకు పేరుపడిన యూరు. శీతకాలము వచ్చినది మొదలు చుట్టుప్రక్కల పల్లెలలో గానుగ లాడుచుండును, పెనములలో చెఱకు రసము మరగుచుండును. ఊరిలో చెఱకుపై పరిశోధన చేయు కేంద్రము 1913 నుండి యున్నది. బజారున నడచినచో బెల్లపు దిమ్మల వాసన చీరకొంగునకు గూడ పట్టుకొని యింటికి వచ్చును. ఇట్టి చోట నివసించుచు తీపి తగ్గింతునని సంకల్పించుట ఏటిలో దిగి తడవకూడదనుకొనుట వంటిది.

అయినను మాకు వేఱు గతి లేకపోయినది. రెండవ బిడ్డ కడుపున నుండగా మాకు రక్తమున చక్కెర పెరిగినది. కానుపైన పిమ్మట అది తగ్గినను, అట్లు ఒకసారి వచ్చిన స్త్రీకి ముందు ముందు మధుమేహము స్థిరపడు ప్రమాదము ఇతరులకంటె అనేక రెట్లు హెచ్చని డాక్టరమ్మగారు చెప్పిరి. మా తల్లిగారు ఆ వ్యాధిచేతనే ఒక కంటి చూపు పోగొట్టుకొనిరి. రెండవ కంటితో పెద్ద యక్షరములు మాత్రము గుర్తింపగలరు. మాకు భారత భాగవతములు చదువుట నేర్పినది ఆమెయే. ఇప్పుడు పుట్టింటికి పోయినపుడెల్ల మేము చదువుచుందుము, ఆమె వినుచుందురు. ఉన్న బరువులో నూటికి ఏడు వంతులు, అనగా అయిదుంబావు కిలోలకు కొంచెము పైగా, తగ్గించి నిలుపుకొన్నచో మాకు గొప్ప మేలగునని డాక్టరమ్మగారి మాట. ఇది మా యొక్క యింటి కథ మాత్రమే కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున 15 నుండి 49 యేండ్ల స్త్రీలలో నూటికి 36 మంది అధికమైన బరువుగలవారని తేలినది. దేశమంతయు గలిపి చూచినచో 24 మందియే.

మఱల అరిసెల కడకు వత్తుము. ఆ రెండు అరిసెలు మాకు చేసిన కీడు స్వల్పము. వానివెంట మనసున బుట్టిన మాట చేసిన కీడు గొప్పది. "ఎటులైనను చెడినది గదా" యన్నదే ఆ మాట. ఎటులైనను చెడినది గనుక డబ్బా ఖాళీ యగువఱకు తింటిమి. ఎటులైనను చెడినది గనుక సాయంకాలపు నడక మానితిమి. తూకపు యంత్రమును మంచము క్రిందికి త్రోసితిమి. మాఘ పూర్ణిమ నాడు మా వారు ఏమియు ననకుండ దానిని వెలికి దీసి దుమ్ము తుడిచి పెట్టగా, ఎక్కి చూచితిమి: 75.

ఈ "ఎటులైనను చెడినది" యన్న మాట మా యొక్కరి బుద్ధిహీనతయే యని చాల దినములు కుమిలితిమి. తరువాత తెలిసినది, దీనిపై పరీక్షలు కూడ జరిగినవని. 1975 లో హెర్మన్, మాక్ అను మనశ్శాస్త్రజ్ఞులు కొందఱు యువతులకు ముందుగా మిల్క్ షేక్ త్రాగనిచ్చి, పిమ్మట రుచి చెప్పుడని ఐస్‌క్రీములను వారి ముందుంచిరి. తిండి విషయమున ఏ నియమమును లేనివారు, ముందే త్రాగి యుండుటచే ఐస్‌క్రీము తక్కువ తినిరి. నిత్యము నోరు కట్టుకొనువారు మాత్రము, ఏమియు త్రాగనప్పటికంటె త్రాగిన పిదపనే యెక్కువ తినిరట! నియమము ఒకసారి తెగినదని తోచినంతనే కట్టుబాటు సర్వమును జాఱిపోవుట యిది. మా డబ్బా ముచ్చట ఎంత దూరదేశమున, ఎంత ముందే వ్రాయబడి యున్నదో చూడుడు.

వాస్తవమునకు ముక్కనుమ మఱునాడు మా మీద నున్న ఆ రెండున్నర కిలోలు ఏమి? కిలో కొవ్వులో ఏడువేల కిలోకేలరీలకు పైగా శక్తి యుండును. రెండున్నర కిలోల కొవ్వు చేరవలెనన్నచో, శరీరమునకు కావలసిన దానిపైన పదునేడువేలకు మించి తినవలెను. ఎంత పండుగయైనను నాలుగైదు దినములలో అంత తినుట సామాన్యులకు అలవి కాదు. మఱి అది యెక్కడిది? చాలవఱకు నీరు. బియ్యము, బెల్లము మున్నగు పిండిపదార్థములను హెచ్చుగా తినినపుడు శరీరము అందలి కొంత భాగమును కాలేయమునను కండరములయందును దాచుకొనును. ఆ దాచిన ప్రతి గ్రామునకు తోడుగా సుమారు మూడు గ్రాముల నీరు నిలుచును. పులిహోర, జంతికలు, ఊరగాయలలోని యుప్పు మఱికొంత నీటిని నిలుపును. నెలసరికి ముందు దినములలో గూడ స్త్రీలకు ఇట్లే నీరు చేరుట కలదు. మామూలు భోజనమునకు మఱలినచో ఈ నీరు కొలది దినములలో తనంతట పోవును. మేము ఆనాడు ఊరకున్నను తగ్గెడి బరువును చూచి బెదరి, దాని వెనుక నిజమైన కొవ్వును తెచ్చిపెట్టుకొంటిమి.

ఇచ్చట ఒక మాట. చక్కెర మాని బెల్లము వాడుచున్నాము గదా, ఇంకను తగ్గమేమి యని మా యిరుగుపొరుగు స్త్రీలు అడుగుచుందురు. అనకాపల్లి వారము చెప్పదగని మాటయే గాని, బరువు విషయమున బెల్లము చక్కెరకు చుట్టమే. శక్తిలో వానికి పెద్ద భేదము లేదు. మేమును మొదటి నెలలో కాఫీలో బెల్లము వేసికొని, మంచిదే గదా యని ఇంకొక పలుకు చేర్చుకొనుచుంటిమి.

మనలో నుపవాస మెఱుగని స్త్రీ అరుదు. ఏకాదశినాడు పొరపాటున మెతుకు నోటబడినచో ఆనాటి వ్రతము భంగమైనట్లే. ద్వాదశి పారణతో అది ముగిసినట్లే. ఇట్టి యలవాటు మన రక్తమున నుండుటచే కాబోలు, ఆహారనియమమును గూడ మనము వ్రతమువలెనే పట్టుదుము. ఒక మంచిదినమున నారంభము, కొన్ని నిషేధములు, ఒక్క పలుకుతో భంగము, వెంటనే ఉద్వాసన! కాని బరువు తగ్గించుకొనుట వ్రతము కాదు; దీనికి పారణ లేదు. ఇది ఇల్లూడ్చుట వంటిది. నిన్న ఊడ్వలేదని నేడు కూడ ఊడ్చుట మానిన యిల్లా లెవరు?

చిన్ననాట మా తల్లిగారు ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన భర్తృహరి సుభాషితములు మాకు చెప్పిరి. విఘ్నభయముచే పని మొదలిడనివారు, మొదలిడి విఘ్నము రాగానే విడుచువారు, ఎన్ని విఘ్నములు వచ్చినను విడువని ధీరులు అని మనుష్యులు అందు మూడు తెగలు. మాఘమాసమున పుట్టింటికి పోయినపుడు, "అమ్మా, నేను రెండవ తెగలో చేరితిని" అని యామెతో నంటిమి. ఆమె నవ్వి, "అయితే విశ్వామిత్రుడే తెగవాడే?" అని యడిగిరి.

మాకు వెంటనే జవాబు తోచలేదు. బాలకాండము తీసి మఱల చదివితిమి. ఆయన దక్షిణదిక్కున తపస్సు చేసి సంపాదించినది త్రిశంకుని కొఱకు ఖర్చుపెట్టెను. పశ్చిమమున పుష్కరమునకు పోయెను; అచ్చట మేనక వచ్చెను, పదియేండ్లు ఒక్క దినమువలె గడచెను. ఉత్తరమున హిమవంతమున కూర్చుండెను. రంభపై కోపించి శపించి తపస్సు పోగొట్టుకొనెను. పిమ్మట తూర్పునకు పోయెను. ఒక్కొక్కమారు పడినపుడు ఆయన "ఎటులైనను చెడినది" యని తపస్సునకు ఉద్వాసన చెప్పలేదు. ఏ కారణమున పడెనో చూచెను. కోపమున పడెను గనుక తరువాతి మారు కోపము రానీయనని, మాటయే యాడనని నియమము చేర్చుకొనెను. మూడు తెగలకును చాలని నాలుగవ తెగవాడు ఆయన: మొదలిడి, పడి, సిగ్గుపడి, కారణము తెలిసికొని, మఱల మొదలిడువాడు.

అందుచే మేమును కారణము వెదకితిమి. ఆశ్చర్యమేమన, మా మేనక అరిసె కాదు, సాయంకాలము నాలుగు గంటలు. బరువు త్వరగా తగ్గవలెనను నాతురతచే మధ్యాహ్నము రెండు ముద్దలతో లేచుచుంటిమి. నాలుగు గంటలకు పిల్లలు బడినుండి వచ్చువేళకు కడుపు కాలుచుండును. వారికి పెట్టిన చిరుతిండిలో వారు విడిచినదంతయు మా నోటికే పోవుచుండెను. పండుగకు ముందు ఈ నాలుగు గంటల యాకలిని బలవంతముగా నాపితిమి, పండుగనాడు కట్ట తెగినది. ఇప్పుడు మధ్యాహ్నము పప్పు, కూర, మజ్జిగలతో కడుపునిండ తినుచున్నాము. అన్నము మాత్రము గిన్నెతో కొలిచి పెట్టుకొందుము. నాలుగు గంటలకు ఉడికించిన సెనగలు గుప్పెడు. పిల్లలకు ముందే కొంచెము కొంచెముగా వడ్డించుటచే పళ్లెములలో మిగులుట తగ్గినది. పాఱవేయుటకు చేతులు రాకపోవుట మన స్త్రీలకందఱకు గల జబ్బు; దీనికి మాకు దొరకిన మందు తక్కువ వండుటయే.

అంత చేసినను బరువు తగ్గుట నెమ్మది. మొదటి నాలుగు నెలల వేగము ఇప్పుడు లేదు. ఇదియు మా లోపమేనా యన్న సందేహమునకు 2011 లో మెల్‌బోర్న్ నగర వైద్యులు ప్రకటించిన పరిశోధన కొంత సమాధానమిచ్చినది. ఏబదిమంది స్థూలకాయులకు పదివారములు మితాహారమిచ్చి బరువు తగ్గించిరి. సంవత్సరము గడచిన పిమ్మట పరీక్షింపగా, ఆకలిని పెంచు రసములు వారి రక్తమున నింకను హెచ్చుగాను, తృప్తి కలిగించునవి తక్కువగాను నుండెను. అనగా శరీరము తాను కోల్పోయినదానిని మఱచిపోదు. అప్పులవానివలె ఏడాది పొడవునను వాకిట నిలుచుండును. తగ్గినవారికి ఆకలి హెచ్చుట నాలుక చాపల్యము మాత్రము కాదని తెలిసినపుడు మాకు కలిగిన ఊఱట ఇంతింతని చెప్పలేము.

ఇంతకంటె ధైర్యమిచ్చినది చెన్నపట్టణపు వార్త. అచ్చట మధుమేహమునకు గడప మీద నున్న 531 మందిని మూడేండ్లపాటు పరీక్షించి 2006 లో ఫలితములు ప్రకటించిరి. ఊరక యున్నవారిలో నూటికి 55 మందికి వ్యాధి వచ్చినది. ఆహారము దిద్దుకొని, నడక మున్నగు వ్యాయామము చేసినవారిలో 39 మందికే వచ్చినది. చిత్రమేమన, వీరి బరువు చెప్పదగినంత తగ్గలేదు! అమెరికాలోను ఇట్టి పరీక్షయే జరిగినది. తగ్గినవారు ఏండ్లు గడచిన కొలది చాలవఱకు మఱల పెరిగిరి. అయినను పదియేండ్ల లెక్కలో వారికి మధుమేహము ఇతరులకంటె మూడవవంతు తక్కువగానే వచ్చినది. కనుక ముల్లు కదలని దినములలో గూడ నడచిన నడక ఎక్కడికో చేరుచునే యున్నది. ఈ సంగతి డాక్టరమ్మగారితో ననగా, "అందుకనే కదమ్మా, నడక మానవద్దంటాను" అనిరి.

ఇప్పుడు వారమున కొక్కసారి, ఆదివారమునాటి యుదయమున మాత్రమే తూచుకొందుము. నెలకొకసారి టేపుతో నడుము కొలుచుకొందుము. మన దేశపు స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదని వైద్యులందురు, మాకింకను పది తగ్గవలెను. సాయంకాలము మా వారు బడినుండి వచ్చి కాళ్లు కడిగికొనగానే ఇద్దఱము శంకరము త్రోవను పట్టుదుము. మొదట ఊరివారు చూతురని సిగ్గుపడితిమి. ఆదివారములందు బొజ్జన్నకొండ వఱకు పోయి, మెట్లెక్కి, బౌద్ధులు తొలిచిన గుహలకడ కూర్చుండి వత్తుము. మొన్నటివఱకు సగము మెట్లకే రొప్పు వచ్చెడిది.

అత్తగారితో కొంత చిక్కు వచ్చినది. "ఇంత చాకిరీ చేసి వండుకొని తినకపోతే ఎవరికోసమే?" అని యామె యనుచుండిరి. ప్రేమతో ననిన మాట, కాదనుట కష్టము. మా తల్లిగారి కన్ను సంగతి యామెకు తెలియును గాని, దానికిని మాకును గల సంబంధము చెప్పువా రెవ్వరును లేకపోయిరి. ఒకనాడు కూర్చుండి మేమే చెప్పితిమి. ఆమె చాలసేపు ఊరకుండి, లేచి పోయి, మఱునాటినుండి మిఠాయిల డబ్బాను తమ మంచము తలాపున నుంచుకొన మొదలిడిరి. అడిగినచో ఒకటి చేతిలో పెట్టుదురు. రెండవది అడుగుటకు మాకు మొగము చెల్లదు.

ఈ పత్రిక మీ చేతికి వచ్చుసరికి మా గవరపాలెమున నూకాలమ్మవారి జాతర సాగుచుండును. కొత్త యమావాస్య మొదలు నెలదినములు ఊరు బంధువులతో నిండును. మా యింటికి పదునలుగురు వత్తుమని వ్రాసిరి. బూరెలకు బెల్లము నిన్ననే తెప్పించితిమి. గడచిన యాదివారమునాటి తూకము 72. జాతరలో అది 74 కావచ్చును. ఆ మఱునాటి సాయంకాలము శంకరము త్రోవలో ఎంతదూరము నడువవలెనో మాత్రము మా వారితో ముందే మాట్లాడి యుంచితిమి.