కొండ నాలుకకు మందు వేయబోతే... కంప్యూటరు రిజిస్ట్రీతో జాగ్రత్త!

(మా విలేఖరి)

జిల్లాలోని ఒక చిన్న పట్టణం. పేరెందుకు లెండి. బస్టాండు ఎదుట డి.టి.పి. షాపు. పెళ్ళిళ్ళ సీజను కావడంతో శుభలేఖల కోసం వచ్చేవారితో కిటకిటలాడుతోంది. కంప్యూటరు నెమ్మదిగా నడుస్తోందని యజమాని కొన్నాళ్ళుగా విసుక్కుంటున్నారు. ఒక రాత్రి తెరపై ఒక ప్రకటన ప్రత్యక్షమయింది. రిజిస్ట్రీలో వందలకొద్దీ తప్పులున్నాయని, వెంటనే శుభ్రం చేసుకోమని దాని సారాంశం. ఆయన ఆ ఉచిత సాఫ్ట్‌వేరును దించుకున్నారు. అన్నీ సరిచేయమని మీట నొక్కారు. కంప్యూటరును ఆపి, మళ్ళీ పెట్టారు.

తెర వెలిగింది గాని తెలుగు టైపు చేసే ప్రోగ్రాము తెరుచుకోలేదు. ప్రింటరు పలకలేదు. తెల్లవారితే నాలుగు పెళ్ళిళ్ళ వారికి కార్డులు ఇవ్వాలి. ముహూర్తం ఎవరి కోసమూ ఆగదు కదా! చివరకు పక్క వీధి షాపు వారిని బతిమాలి, వచ్చే లాభమంతా వారికే ముట్టజెప్పి పని గట్టెక్కించుకున్నారు. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే!

ఏమిటీ రిజిస్ట్రీ?

పాతరోజుల్లో గ్రామ కరణం దగ్గర అడంగల్ ఉండేది. ఏ సర్వే నెంబరు ఎవరిది, ఏ పంట వేశారు అన్నీ అందులో రాసి ఉండేవి. విండోస్ కంప్యూటరుకు రిజిస్ట్రీ అటువంటిదే. ఏ ప్రోగ్రాము ఎక్కడ ఉంది, ఏ ఫైలును దేనితో తెరవాలి, ప్రింటరు ఏది, ఎవరి సెట్టింగులు ఏవి అనే వివరాలన్నీ ఇందులోనే ఉంటాయి. అడంగల్‌లో పేరు కొట్టేస్తే పొలం ఎక్కడికీ పోదు గాని రైతుకు చిక్కులు తప్పవు. రిజిస్ట్రీలో ఒక పద్దు పోయినా అంతే. ప్రోగ్రాము డిస్కులోనే ఉంటుంది, కాని విండోస్ దానిని గుర్తుపట్టదు.

మొదట్లో ఈ వివరాలను విడివిడి చిన్న ఫైళ్ళలో రాసేవారు. 1992లో విండోస్ 3.1తో రిజిస్ట్రీ చిన్న రూపంలో వచ్చింది. 1993లో విండోస్ ఎన్‌.టి., 1995లో విండోస్ 95 వచ్చాక అదే ప్రధాన దస్త్రమయింది.

శుభ్రం చేస్తే వేగం వస్తుందా?

ప్రోగ్రామును తీసివేసినా దాని పద్దులు కొన్ని రిజిస్ట్రీలో మిగిలిపోతాయి. ఇది నిజమే. వాటిని ఏరివేసే సాధనాన్ని 1990 దశకంలో మైక్రోసాఫ్ట్ సంస్థే ఇచ్చింది, తర్వాత ఉపసంహరించుకుంది. ఇప్పుడు ఆ సంస్థ విధానం స్పష్టం. రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని తాము సమర్థించబోమని, వాటి వల్ల చెడిపోతే విండోస్‌ను మళ్ళీ మొదటి నుంచి ఎక్కించుకోవలసి రావచ్చని చెబుతోంది.

విండోస్ ఈ దస్త్రాన్ని మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదువుతూ కూర్చోదు. కావలసిన పద్దు దగ్గరకు నేరుగా వెళుతుంది. కనుక పనికిరాని పద్దులు కొన్ని వందలు తీసివేసినా వేగంలో కంటికి కనిపించే తేడా రాదు.

పైగా మోసాలు కూడా ఉన్నాయి. రిజిస్ట్రీ పాడయిందని తెరపై బూచి చూపి 'రిజిస్ట్రీ క్లీనర్ ఎక్స్‌పి' అనే సరుకు అమ్మినవారిపై 2008లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర అటార్నీ జనరల్ కోర్టుకెక్కారు. పేరున్న సాఫ్ట్‌వేరుకూ ప్రమాదం తప్పలేదు. 2017లో సీక్లీనర్ 5.33 ప్రతిలోకి దొంగలు హానికర కోడ్‌ను చొప్పించారు. ఆ ప్రతి సుమారు 22 లక్షల 70 వేల మంది కంప్యూటర్లలోకి చేరింది. వారు దానిని దించుకున్నది దొంగ దుకాణంలో కాదు, అసలు చోటునుంచే!

తప్పదనుకుంటే...

అయినా వాడి తీరవలసిన సందర్భం వస్తే ఈ జాగ్రత్తలు పాటించాలి.

1. ముందుగా ముఖ్యమైన ఫైళ్ళను పెన్‌డ్రైవులోకో, వేరే హార్డ్ డిస్కులోకో కాపీ చేసుకోండి.

2. రిస్టోర్ పాయింట్ పెట్టుకోండి. స్టార్ట్ మెనూలో 'క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్' అని వెతికితే సిస్టమ్ ప్రొటెక్షన్ కిటికీ వస్తుంది. చాలా కంప్యూటర్లలో ఇది ఆపివేసి ఉంటుంది. సి డ్రైవుకు దానిని ఆన్ చేసి, తేదీ పేరుతో ఒక పాయింట్ తయారు చేయండి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

3. విండోస్ తానే ఒక కాపీ దాచి ఉంచుతుందని ధీమా వద్దు. 2018లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1803 నుంచి రెగ్‌బ్యాక్ అనే ఫోల్డరులోకి ఆ కాపీ దానంతటదే వెళ్ళడం ఆగిపోయింది. తొలగించబోయే భాగాన్ని రిజిస్ట్రీ ఎడిటర్‌లో ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోవాలి. క్లీనరే కాపీ తీయమంటారా అని అడిగితే తప్పక 'ఎస్' అనండి. అసలు ఆ ప్రశ్నే అడగని క్లీనర్‌ను నమ్మకండి.

4. తెరపై ఎగిరివచ్చిన ప్రకటనను నొక్కి ఏదీ దించుకోవద్దు. తప్పులు ఉచితంగా చూపి, సరిచేయడానికి డబ్బు అడిగే వాటికి దూరంగా ఉండండి.

5. 'అన్నీ సరిచేయి' మీట జోలికి పోవద్దు. జాబితాను ఒక్కొక్క వరుస చదవండి. మీరు స్వయంగా తీసివేసిన ప్రోగ్రాము పేరు కనిపిస్తే దానినే తొలగించండి. ఒకేసారి నాలుగైదుకు మించవద్దు. కంప్యూటరును ఆపి, మళ్ళీ పెట్టి, రెండు మూడు రోజులు వాడి చూశాకే తర్వాతి విడత.

6. ఫాంట్లు, డ్రైవర్లు, షేర్డ్ డి.ఎల్‌.ఎల్‌.లు అని ఉన్నవాటిని ముట్టుకోవద్దు. పాత తెలుగు సాఫ్ట్‌వేర్లు, డాంగిల్‌తో నడిచే లెక్కల ప్రోగ్రాములు, వేలిముద్రల యంత్రాలు ఉన్న షాపుల వారు అసలు ఈ పనికే పూనుకోకపోవడం మేలు.

7. పని ఒత్తిడి ఉన్నరోజున, కరెంటు నిలకడ లేని వేళ మొదలు పెట్టవద్దు.

దెబ్బ తిన్నాక ఏమి చేయాలి?

విండోస్ తెరుచుకుంటే సిస్టమ్ రిస్టోర్ ద్వారా పాత తేదీకి వెళ్ళవచ్చు. సైన్-ఇన్ తెర దాకా వచ్చి ఆగితే షిఫ్ట్ మీట పట్టుకుని రీస్టార్ట్ నొక్కాలి. అప్పుడు ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అనే వరుసలో సిస్టమ్ రిస్టోర్ కనిపిస్తుంది. ఫైళ్ళు పోవు. రిస్టోర్ పాయింట్ తర్వాత ఎక్కించిన ప్రోగ్రాములను మాత్రం మళ్ళీ ఎక్కించుకోవాలి.

అసలు జబ్బు వేరే!

కంప్యూటరు మందగించడానికి రిజిస్ట్రీ కారణం కావడం అరుదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులోని స్టార్టప్ జాబితా చూడండి. కంప్యూటరు పెట్టగానే అక్కరలేకుండా లేచి కూర్చునే ప్రోగ్రాములను అక్కడ ఆపివేయవచ్చు. సి డ్రైవు నిండిపోయి ఉంటే సెట్టింగులలోని స్టోరేజి విభాగం నుంచి తాత్కాలిక ఫైళ్ళు తొలగించాలి. వైరస్ తనిఖీ చేయాలి. తిరిగే హార్డ్ డిస్కు ఉన్న పాత కంప్యూటరుకు ఎస్‌.ఎస్‌.డి. బిగిస్తే వేగంలో తేడా వెంటనే తెలుస్తుంది. ర్యామ్ తక్కువైతే పెంచుకోవాలి.

బస్టాండు ఎదుటి షాపు యజమాని చివరకు చేసింది ఇదే. రిస్టోర్ పాయింట్ లేకపోవడంతో విండోస్‌ను, తెలుగు ప్రోగ్రామును మళ్ళీ ఎక్కించుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఆ చేత్తోనే పాత డిస్కు తీసి ఎస్‌.ఎస్‌.డి. వేయించారు. ఇప్పుడు కంప్యూటరు చురుగ్గా నడుస్తోంది. ప్రతి శనివారం రాత్రి షట్టరు దించే ముందు శుభలేఖల ఫైళ్ళన్నీ మరో డిస్కులోకి కాపీ చేస్తున్నారు. తెరపై రిజిస్ట్రీ తప్పులంటూ ప్రకటన వస్తే మాత్రం చదవకుండానే మూసేస్తున్నారు.