అగ్నిశిఖ

వానకాలము రాగానే అడవుల అంచులందును, చేల కంచెలమీదను ఒక తీగ మొలచి పైకి ప్రాకును. దాని పూలు దూరమునుండి చూచువారికి మండుచున్న దివ్వెలవలె కానవచ్చును. అందుచేతనే దీనికి అగ్నిశిఖ యను పేరు కలిగినది. తెలుగున దీనిని అడవినాభి యనియు, పొత్తిదుంప యనియు గూడ పిలుతురు.

ఈ తీగ ప్రాకు విధము వింతయైనది. దీనికి వేరుగా నులితీగలుండవు. ఆకు కొనయే సన్నగా సాగి, మెలిదిరిగి, చెంతనున్న కొమ్మను చుట్టుకొనును. పూవునకు ఆరు రేకులు. అవి అంచులు ముడుతలుపడి, వెనుకకు వంగి, పైకి నిలిచియుండును. మొదట ఆకుపచ్చగా నుండి, పిమ్మట పసుపువన్నెకు తిరిగి, తుదకు ఎఱ్ఱబారును. ఇది తమిళనాడునకు రాష్ట్రపుష్పము. ఆఫ్రికాలోని జింబాబ్వే దేశమునకు జాతీయపుష్పము.

దీని దుంప నేలలో నాగలివలె వంగియుండును. నాగలిని సంస్కృతమున లాంగలమందురు. కావున ఆయుర్వేద గ్రంథములు దీనిని లాంగలి యని పేర్కొన్నవి. కీళ్లనొప్పులకును, చర్మవ్యాధులకును దుంపను నూరి పైపూతగా పూయుట పూర్వాచారము. ప్రసవము కష్టమైనపుడు ఆ ముద్దను స్త్రీ పాదములకు పట్టించెడివారు. అయినను ఆ గ్రంథములే దీనిని ఉపవిషములలో చేర్చినవి. గోమూత్రమున నానబెట్టి శుద్ధిచేయనిదే మందుగా వాడరాదని నియమించినవి.

ఈ నియమమునకు బలమైన కారణము కలదు. దీని దుంపలోను, గింజలలోను కాల్చిసిన్ అను పదార్థమున్నది. పెల్లెత్యే, కవాంతూ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 1820లో దీనిని ఐరోపాలోని వేరొక మొక్కనుండి వేరుచేసిరి. కాలి బొటనవ్రేలి కీలు వాచి, భరింపరాని నొప్పి కలిగించు గౌటు అను వ్యాధికి వైద్యులు నేటికిని దీనిని ఇచ్చుచున్నారు. అత్యల్పమైన మోతాదులో ఇది వాపునకు కారణమగు కణముల కదలికను తగ్గించును. మోతాదు మించినచో దేహమందలి కణముల విభజననే ఆపివేయును. అపుడు వాంతులు, విరేచనములు మొదలై, క్రమముగా అవయవములన్నియు దెబ్బతినును. చిలగడదుంప యని భ్రమించి దీనిని తిని ప్రాణములు కోల్పోయినవారు దక్షిణ భారతమునను, శ్రీలంకలోను కలరు.

గింజలకు విలువ యుండుటచే తమిళనాడు రైతులు ఈ తీగను పందిళ్లపై పెంచుచున్నారు. అడవులలో మాత్రము దుంపలను విచ్చలవిడిగా త్రవ్వుటవలన ఇది అరుదగుచున్నది. కంచెపై ఈ పూవు కనబడినపుడు కన్నులార చూచి ఆనందింపవచ్చును. దుంపను త్రవ్వరాదు, గింజను నోటనుంచుకొనరాదు. పొరపాటున తిన్నవారిని క్షణమైన జాగుచేయక ఆసుపత్రికి కొనిపోవలెను.