బలసాధకుని భోజనము

తాలింఖానాకు క్రొత్తగా పోవు యువకులు పలువురు, రెండు నెలలైనను బరువు పెరుగలేదని నిరాశపడి సాధన మానుచుందురు. తరచుగా లోపము విస్తరిలోనే ఉండును.

బరువులెత్తినపుడు కండరము పెరుగుటకు సిద్ధమగును. అందుకు సామగ్రి మాంసకృత్తులు. తిండి చాలనిచో శరీరము వానినే ఇంధనముగ వాడుకొనును. దూలమునకై తెచ్చిన కలపను పొయ్యిలో పెట్టినట్లగును. కనుక ముందు కడుపునిండ తినవలెను.

సామాన్యునికి దినమునకు, శరీరపు బరువు కిలో ఒక్కింటికి 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలునని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సూచించినది. బలసాధకునికి సుమారు 1.6 గ్రాములు మేలు. అనగా 55 కిలోల యువకునికి 88 గ్రాములు. ఖరీదైన పొడుల డబ్బాలు ఇందుకు అక్కరలేదు. 400 గ్రాముల బియ్యములో సుమారు 30, 75 గ్రాముల కందిపప్పులో 16, మూడు గ్రుడ్లలో 18, అరలీటరు పాలలో 16, 50 గ్రాముల వేరుసెనగపప్పులో 12 గ్రాములు గలవు. మొత్తము 92. గ్రుడ్లు ముట్టనివారు బదులుగా అరలీటరు పెరుగు తీసికొనవచ్చును. బియ్యములో కొరవడిన లైసినును పప్పు సమకూర్చును.

వారమునకు పావుకిలో మొదలు అరకిలో వరకు పెరిగిన చాలును. అంతకు మించి త్వరపడినచో పెరుగునది ఎక్కువగా క్రొవ్వే. మూత్రపిండముల వ్యాధి గలవారు ముందుగా వైద్యుని సలహా పొందవలెను.

మీ ఇంట సాధన చేయు పిల్లవాడున్నచో, ఈ రాత్రి అతని విస్తరిలో మరియొక గరిటె పప్పు వడ్డింపుడు.